నాలుగేళ్ళ పొడి దగ్గు, రిపోర్టులన్నీ నార్మల్: కారణం ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు ఎమ్మెస్సీ బయోటెక్ రెండో ఏడాది, ప్రాజెక్టుకి దగ్గు మీద ఏదైనా చేద్దామనుకుంటున్నారు. ఎందుకంటే ఇంట్లో అమ్మగారికి (54 ఏళ్ళు, బీపీకీ షుగర్‌కీ మాత్రలు) నాలుగేళ్ళుగా పొడి దగ్గు. ఎక్స్‌రే, సీటీ, కళ్ళె పరీక్ష అన్నీ నార్మల్. నలుగురు డాక్టర్లు నాలుగు పేర్లు పెట్టారు, ఒకాయన అలర్జీ అన్నాడు, ఒకాయన గ్యాస్, ఇంకొకాయన ఆస్తమా, ఆఖరాయన టెన్షన్ తగ్గించుకోమ్మా అని పంపించేశాడు. "అసలు బయలాజికల్‌గా కారణం ఏంటి, దాన్ని ఎలా కనుక్కుంటారు" అన్నది మీ ప్రశ్న.

నేను ఛాతీ డాక్టర్ని, 22 ఏళ్ళుగా ఇదే పని, మధ్యలో నాలుగేళ్ళు ఒక ఫిజియాలజీ ల్యాబ్‌లో కూర్చుని గినీ పిగ్‌లు ఎన్నిసార్లు దగ్గాయో లెక్కపెట్టా (నవ్వకండి, దానికే జీతం ఇచ్చారు). కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా, అమ్మగారి సంగతి చివర్లో.

ముందు లెక్కలు సరిచేసుకుందాం. పెద్దవాళ్ళలో 8 వారాలు దాటితే దీర్ఘకాలిక దగ్గు అంటాం, పిల్లల్లో 4 వారాలు. జలుబు చేసి వచ్చిన దగ్గులు చాలావరకు ఆ 8 వారాల్లోపే వాటంతటవే పోతాయి, అందుకే ఆ గీత అక్కడ గీశారు. మన దేశంలో మాత్రం 2 వారాలు దాటగానే కళ్ళె పరీక్ష చేయించాల్సిందే, ఎందుకంటే ప్రపంచంలో ఉన్న టీబీలో సుమారు నాలుగో వంతు మన దగ్గరే ఉంది. అమ్మగారికి అది అయిపోయింది, బావుంది, పక్కన పెడదాం.

ఇప్పుడు అసలు దగ్గు ఎలా పుడుతుందో చూడండి. అన్నం తింటూ మాట్లాడితే పొలమారుతుంది కదా, ఎవరో తలుచుకుంటున్నారని ఇంట్లో నెత్తిమీద తడతారు. ఆ దగ్గు మీ ఇష్టంతో పనిలేకుండా తన్నుకొచ్చేస్తుంది, ఆపుదామన్నా ఆగదు. దాన్ని మోసేవి వేగస్ నరంలోని (మెదడు నుంచి గొంతు, ఊపిరితిత్తులు, కడుపు దాకా పాకే నరం) ఒక రకం తీగలు, ఏ-డెల్టా ఫైబర్లు అంటాం, గొంతులోనూ శ్వాసనాళంలోనూ ఉంటాయి, మెతుకు తగిలినా నీటిచుక్క తగిలినా యాసిడ్ తగిలినా క్షణంలో మెదడుకి సంకేతం కొడతాయి. వీటిని గినీ పిగ్‌లలో స్పష్టంగా పట్టుకుంది 2004లో, బ్రెండన్ కానింగ్ బృందం. ఇంకో రకం దగ్గు ఉంది, వంటింట్లో ఎండుమిర్చి పోపు వేస్తే హాల్లో కూర్చున్నవాళ్ళకి వచ్చేది. ముందు గొంతులో గరగర, తర్వాత దగ్గాలనిపించడం, ఆ తర్వాత దగ్గు. కాసేపు ఆపుకోవచ్చు కూడా. ఇది సన్నగా, నెమ్మదిగా ఉండే సీ-ఫైబర్ల పని. మీ అమ్మగారి దగ్గు ఈ రెండోదానికి దగ్గర అని నా అనుమానం, ఫోన్లో మాట్లాడినా, అగరుబత్తి వాసనకీ, ఏసీ గదిలోకి వెళ్ళినా వస్తోంది అన్నారు కాబట్టి.

ఈ నరం ఎంత దూరం పాకిందంటే దాని కొమ్మ ఒకటి చెవిలోకి కూడా వస్తుంది. చెవిలో పుల్ల పెట్టుకుంటే కొంతమందికి దగ్గొస్తుంది చూడండి, అదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో నూటికి ఇద్దరికి ఇలా ఉంటే, దీర్ఘకాలిక దగ్గు ఉన్నవాళ్ళలో సుమారు నాలుగో వంతు మందికి ఉంది, అదీ ఆడవాళ్ళలో ఎక్కువ. ఆలోచించండి, చెవికీ ఊపిరితిత్తులకీ ఏం సంబంధం? జబ్బు శ్వాసనాళంలోనే ఉంటే చెవి ఎందుకు స్పందించాలి? ఆ నరమే మొత్తంగా ఉలికిపాటు మీద ఉందన్నమాట.

అందుకే నేను కారణాన్ని రెండు పొరలుగా చూస్తా. ఒకటి నిప్పురవ్వ, ఇంకోటి ఎండిన గడ్డివాము. టీబీ, ఆస్తమా, పొగ, ముక్కు వెనకనుంచి గొంతులోకి కారడం, కడుపులోంచి పైకి వచ్చే పులుపు, ఇవన్నీ రవ్వలు. నరం గడ్డివాము. అది తడిగా ఉన్నంతకాలం రవ్వలు పడి ఆరిపోతాయి, ఎండిపోయిందంటే అగరుబత్తి కూడా చాలు. మనం చేసే ఎక్స్‌రేలూ సీటీలూ అన్నీ రవ్వల్ని వెతికే పరీక్షలే, గడ్డి ఎండిందో లేదో చెప్పే పరీక్ష ఆస్పత్రుల్లో దాదాపు ఉండదు, "అన్నీ నార్మల్" అన్న మాట వెనకాల ఉన్నది ఇదే. 2014 నుంచి దీనికి యూరప్ వాళ్ళు కఫ్ హైపర్‌సెన్సిటివిటీ సిండ్రోమ్ అని పేరు పెట్టి మాట్లాడుతున్నారు. పేరు పెట్టినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు లెండి.

కారణం తెలిసింది అనాలంటే ఏం కావాలి? దీనికి మన దగ్గర జరిగిన కథే ఉంది, వైద్య విద్యార్థులకి కూడా చాలామందికి తెలీదు. మదనపల్లి పక్కన ఆరోగ్యవరం టీబీ శానటోరియం ఉంది కదా. అక్కడి డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోట్ మోలర్, ఆయనతో బార్టన్, 1940లో ఒక వ్యాసం రాశారు. టీబీ అని పంపిన వాళ్ళలో కొందరికి దగ్గు ఉంది, జ్వరం ఉంది, బరువు తగ్గారు, ఎక్స్‌రేలో ఇసుక చల్లినట్టు మచ్చలూ ఉన్నాయి, కానీ కళ్ళెలో టీబీ క్రిమి లేదు, రక్తంలో మాత్రం ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల కణాలు విపరీతం. టీబీలా కనిపిస్తోంది కానీ టీబీ కాదు అని వాళ్ళు అంతవరకే చెప్పి ఆగారు. మిగతాది ఊహించి రాయలేదు. అది నాకు భలే నచ్చుతుంది. 1943లో బొంబాయిలో వైన్‌గార్టెన్ అనే డాక్టరు 81 మందిని రాసి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టాడు, ఆర్సెనిక్ ఉన్న మందు ఇస్తే తగ్గుతోందన్నాడు. తగ్గింది సరే, ఎందుకు తగ్గింది? ఆర్సెనిక్ చాలావాటిని చంపుతుంది, అది చంపింది దేన్నో ఎవరికీ తెలీదు.

తర్వాత డైఇథైల్‌కార్బమజైన్ వచ్చింది, బోదకాలు మందు, డీఈసీ మాత్ర అంటే మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించేవారే అది. దానికీ ఈ దగ్గు తగ్గింది, అదీ వారం పది రోజుల్లో. అంటే బోదకాలు పురుగుకీ దీనికీ సంబంధం ఉండాలి కదా, కానీ రోగుల రక్తం పగలు తీసినా అర్ధరాత్రి తీసినా పురుగు పిల్లలు కనిపించవు. 1960లో వేలూరు నుంచి వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు ఊపిరితిత్తుల ముక్క తీసి చూస్తే అక్కడ దొరికాయి. రక్తంలో లేకపోవడానికి కారణం శరీరం వాటిమీద అతిగా తిరగబడి ఊపిరితిత్తుల్లోనే పట్టి చంపేస్తోంది, ఆ తిరుగుబాటే రాత్రుళ్ళు వచ్చే దగ్గు. చూడండి, ముందు వేరే జబ్బుగా గుర్తించారు, మందుకి తగ్గడం చూశారు, చివరికి కంటితో కారణాన్ని పట్టుకున్నారు. మొత్తం 20 ఏళ్ళు. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా మనకి ఉండేది ఒక పేరు మాత్రమే.

ఆ డీఈసీ ఎక్కడ పుట్టిందో తెలుసుగా? 1947, అమెరికాలో లెడర్లీ కంపెనీ ల్యాబ్, అక్కడ రీసెర్చ్ డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, కిందకెళ్ళాక మళ్ళీ వస్తుంది.

ఇంకో శుభ్రమైన ఉదాహరణ బీపీ మాత్రలు. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి. ఇవి ఏసీఈ అనే ఎంజైముని ఆపుతాయి, బీపీ తగ్గుతుంది. కానీ ఆ ఎంజైముకి ఇంకో ఉద్యోగం కూడా ఉంది, బ్రాడీకైనిన్, సబ్‌స్టెన్స్ పీ అనే పదార్థాల్ని ముక్కలు చేసి పారేయడం. ఎంజైము ఆగితే అవి పోగుపడతాయి, సీ-ఫైబర్ల మీద పనిచేస్తాయి, పొడి దగ్గు. మొదలైన వారంలో రావచ్చు, నెలల తర్వాత కూడా రావచ్చు, ఆడవాళ్ళలోనూ మన ఆసియా వాళ్ళలోనూ ఎక్కువ. మాత్ర ఆపితే చాలామందికి 4 వారాల్లోపు పోతుంది, కొందరికి 3 నెలలు పడుతుంది. పక్క దారిలో పనిచేసే లోసార్టాన్, టెల్మిసార్టాన్‌లకి ఈ గొడవ లేదు, అవి ఆ ఎంజైముని ముట్టుకోవు కాబట్టి. నేను కొత్తలో ఒకావిడకి రెండేళ్ళపాటు గ్యాస్ మందు ఇచ్చా దగ్గుకి, ఆవిడ బీపీ మాత్ర వేరే డాక్టరు రాస్తున్నాడు, నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. తర్వాత ఎవరో మాత్ర మార్చారు, నెలలో దగ్గు పోయింది, నేనేదో గొప్ప వైద్యం చేశానని స్వీట్లు తెచ్చిచ్చింది. తిన్నాను కూడా, ఏం చేస్తాం.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికొద్దాం. 1981లో రిచర్డ్ ఇర్విన్ వాళ్ళు ఒక పద్ధతి చెప్పారు, దగ్గు నరం ఎక్కడెక్కడ ఉందో ఆ చోట్లన్నీ వరసగా వెతుకు, ఏది దొరికితే దానికి మందివ్వు, తగ్గితే అదే కారణం. అక్కడినుంచే ముక్కు, ఆస్తమా, యాసిడ్ అనే మూడు పేర్లు ప్రపంచమంతా స్థిరపడిపోయాయి, మీ అమ్మగారికి పెట్టిన పేర్లలో మొదటి మూడూ అవే. పద్ధతి తప్పని అనను, చాలామందికి ఉపయోగపడింది, నేనూ అలాగే మొదలుపెడతా. కానీ "మందుకి తగ్గింది కాబట్టి అదే కారణం" అనే మాటలో పెద్ద బొక్క ఉంది. దగ్గు దానంతటది హెచ్చుతగ్గులు అవుతుంది, బాగా ఎక్కువైనప్పుడే డాక్టర్ దగ్గరికొస్తారు, తర్వాత ఏం చేసినా కొంత తగ్గుతుంది. ఉత్తుత్తి మాత్రకి ఎంత తగ్గుతుందో తెలుసా? గెఫాపిక్సెంట్ అనే మందు మీద 2022లో వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్‌లో, ఏ మందూ లేని మాత్ర మింగినవాళ్ళకి కూడా దగ్గుల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. సగానికి పైగా! ఇక క్లినిక్‌లో ఒక పేషెంటుకి గ్యాస్ మాత్ర ఇచ్చి తగ్గిందని యాసిడే కారణం అనడం ఎంతవరకు నిలబడుతుందో మీరే చెప్పండి. గుండెల్లో మంటా పుల్లటి త్రేన్పులూ లేనివాళ్ళకి యాసిడ్ తగ్గించే మందులు దగ్గు మీద పెద్దగా పనిచేయవని తర్వాత ట్రయల్స్‌లో తేలింది, అయినా మన ఊళ్ళలో దగ్గు అనగానే ఆ మాత్ర రాయడం ఆగలేదు.

దీనికి పూర్తి విరుద్ధంగా, అంటే మెకానిజం అద్భుతంగా తెలిసి మందు ఫెయిలైన కథ మిరపకాయది. మిరపలోని కాప్సైసిన్‌ని గుర్తించే టీఆర్‌పీవీ1 రిసెప్టర్‌ని 1997లో డేవిడ్ జూలియస్ వాళ్ళు పట్టుకున్నారు, దానికే 2021లో నోబెల్ వచ్చింది. దగ్గు రోగుల శ్వాసనాళాల నరాల్లో ఈ రిసెప్టర్ ఎక్కువగా ఉందని 2004లో చూశారు. కాప్సైసిన్ పీలిస్తే వీళ్ళు మామూలువాళ్ళకంటే చాలా తక్కువ మోతాదుకే దగ్గుతారని ముందే తెలుసు. ఇంకేం, అందరం ఎగిరి గంతేశాం, ఆ రిసెప్టర్‌ని మూసేస్తే అయిపోయింది అనుకున్నాం. మూసేశారు. మందు ఇచ్చాక కాప్సైసిన్ పీల్చినా దగ్గు తక్కువే వచ్చింది, అంటే మందు చేరాల్సిన చోటికి చేరింది, పనిచేసింది. కానీ రోజులో వాళ్ళు మామూలుగా దగ్గే దగ్గులు? తేడా లేదు. ఒకటి కాదు, రెండు వేర్వేరు మందులతో ఇదే ఫలితం. ల్యాబ్‌లో మనం తెప్పించిన దగ్గూ, ఇంట్లో మనిషిని వేధించే దగ్గూ ఒకటి కావు అని నేర్చుకోవడానికి అంత డబ్బు ఖర్చయింది. మీ ప్రాజెక్టు గైడు ఎవరైనా "కాప్సైసిన్ ఛాలెంజ్ (అది పీల్పించి దగ్గు తెప్పించే పరీక్ష) చేస్తే చాలు" అంటే ఈ కథ చెప్పండి, మర్యాదగానే.

ఇప్పుడు సుబ్బారావు గారి దగ్గరికి మళ్ళీ. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు ఇద్దరూ కండరంలో ఏటీపీని కనుక్కున్నారు (అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు). కణానికి ఇంధనం అని మనమంతా ఇంటర్లో చదువుకున్నదే. 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అనే ఆయన, ఏటీపీ ఇంధనమే కాదు, నరాల మధ్య కబురు మోసే పదార్థం కూడా అన్నాడు. చాలా ఏళ్ళు ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఎగతాళి కూడా చేశారు. కణం దెబ్బతిన్నా, ఒత్తిడి పడినా లోపలున్న ఏటీపీ బయటికి కారుతుంది, వేగస్ నరం కొసల మీద పీ2ఎక్స్3 అనే తలుపు ఉంది, ఏటీపీ దాన్ని తడితే నరం సంకేతం కొడుతుంది. 2015లో 24 మంది మీద ఆ తలుపు మూసే మందు (తర్వాత గెఫాపిక్సెంట్ అయింది ఇదే) ఇస్తే ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే దగ్గులు 75 శాతం తగ్గాయి. మా రంగంలో అంతకుముందు అలాంటి అంకె ఎవరూ చూడలేదు. కానీ అందరికీ నోటి రుచి చెడిపోయింది, ఎందుకంటే నాలుక మీది రుచి నరాలు కూడా దాదాపు అదే తలుపు వాడతాయి. మోతాదు తగ్గించి పెద్ద ట్రయల్స్ చేస్తే లాభం ఉత్తుత్తి మాత్ర కంటే సుమారు 15 నుంచి 18 శాతమే మిగిలింది, సగం మందికి పైగా రుచి తేడా. జపాన్ 2022లో ఒప్పుకుంది, యూరప్ 2023లో ఒప్పుకుంది, అమెరికా రెండుసార్లు వెనక్కి పంపింది. నా లెక్కలో మాత్రం ఇది ఓటమి కాదు. తలుపు మూస్తే దగ్గు తగ్గింది అంటే, కొంతమందిలోనైనా ఏటీపీ నిజంగా కారణంలో భాగమే. మదనపల్లి దగ్గుకి మందిచ్చిన ల్యాబుని నడిపినాయనే ఈ అణువునీ బయటపెట్టినవాడని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, సైన్సుతో సంబంధం లేని మాటే అనుకోండి.

మెదడు సంగతి కూడా కొంచెం. దగ్గు వచ్చేలా ఉన్నప్పుడు ఆపుకోవడం ఒక పని, మెదడు ముందుభాగం ఆ పని చేస్తుంది. స్కాన్‌లో పెట్టి కాప్సైసిన్ ఇచ్చి చూస్తే దగ్గు రోగుల్లో ఆ అదుపు చేసే భాగం తక్కువ పనిచేస్తోంది, కింద మిడ్‌బ్రెయిన్‌లో స్పందన ఎక్కువ ఉంది. తక్కువ మోతాదు మార్ఫిన్, గాబాపెంటిన్ లాంటివి కొందరికి పనిచేయడం దీనికి సరిపోతుంది. 2006లో ఆస్ట్రేలియాలో స్పీచ్ థెరపిస్టులు నేర్పిన పద్ధతులకి (గుటక మింగడం, గొంతు వదులుగా పెట్టి ఊపిరి తీయడం, ఇలాంటివి) దగ్గు బాగా తగ్గిందని ట్రయల్‌లో చూపించారు. కాబట్టి "టెన్షన్" అన్న నాలుగో డాక్టరు పూర్తిగా తప్పూ కాదు, పూర్తిగా ఒప్పూ కాదు, మెదడు పాత్ర ఉంది అనడం వేరు, ఊరికే ఊహించుకుంటున్నావు అనడం వేరు.

జీన్స్ గురించి ఒక్క ముక్క. ఆర్‌ఎఫ్‌సీ1 అనే జీన్‌లో ఒక చిన్న వరస పదేపదే పెరిగిపోతే నడకలో తూలడం, కాళ్ళ తిమ్మిర్లు వచ్చే జబ్బు ఒకటుంది, 2019లో కనుక్కున్నారు. వాళ్ళలో చాలామందికి తూలడం మొదలవడానికి ఏళ్ళ ముందే, ఒక్కోసారి దశాబ్దాల ముందే, పొడి దగ్గు ఉంది. నరమే జబ్బు పడితే దగ్గు వస్తుందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనిపించలేదు. బయోటెక్ వాళ్ళు కాబట్టి మీకు ఇది ఆసక్తిగా ఉండొచ్చు, కానీ ఆ పొడుగాటి రిపీట్లని మామూలు సీక్వెన్సింగ్ పట్టుకోలేదు, ఎమ్మెస్సీ ఆరు నెలల్లో అయ్యే పని కాదు.

మరి ఆరు నెలల్లో ఏం చేయొచ్చు. జంతువుల జోలికి పోకండి, ఎలుకలు మనలా దగ్గవు, గినీ పిగ్‌లు దగ్గుతాయి కానీ అనుమతులకే మీ ఆరు నెలలూ అయిపోతాయి. నా సలహా, దగ్గుని కొలవడం మీద చేయండి. 24 గంటలు మైకు పెట్టుకుని రికార్డు చేసి దగ్గులు లెక్కపెట్టడం ఇప్పుడు ట్రయల్స్‌లో ప్రామాణికం, పైన గెఫాపిక్సెంట్ గురించి చెప్పిన దగ్గుల అంకెలన్నీ అలా వచ్చినవే. ఒక 20-30 మంది రోగుల్ని తీసుకుని, రికార్డులో తేలిన సంఖ్యకీ "ఎంత ఇబ్బందిగా ఉంది" అని వాళ్ళు చెప్పినదానికీ ఎంత పొంతన ఉందో చూడండి, పగలూ రాత్రీ విడివిడిగా. రాత్రి లెక్క ముఖ్యం: నరం ఉలికిపాటు దగ్గు నిద్రలో బాగా తగ్గిపోతుంది, ఆస్తమా, ఇసినోఫీలియా దగ్గులు మాత్రం తెల్లవారుజామున లేపి కూర్చోబెడతాయి. వాటితోపాటు రక్తంలో ఇసినోఫిల్స్ సంఖ్య, వాడే మాత్రల పేర్లు, చెవి ముడితే దగ్గు వస్తుందా లేదా, ఇవి రాసుకుంటే ఖర్చు లేకుండా మంచి డేటా వస్తుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి మాత్రం ముందే తీసుకోండి, ఎందుకంటే 24 గంటల రికార్డులో దగ్గు ఒక్కటే ఉండదు, అత్తాకోడళ్ళ గొడవలూ చిట్టీల లెక్కలూ అన్నీ ఉంటాయి, మేం విన్నాం. చెవి పరీక్ష ఈఎన్‌టీ డాక్టరు చేతే చేయించండి, ఎండుమిర్చి ప్రయోగాలు ఇంట్లో అసలు చేయకండి, ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రమాదం.

ఇక అమ్మగారు. నేను చూడకుండా జబ్బు పేరు చెప్పను, కానీ ఆవిడ్ని చూసే డాక్టరుతో ఈ వరసలో మాట్లాడండి. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేశారా? ఊపిరి బయటికి వదిలినప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ కొలిచే పరీక్ష గానీ, కళ్ళెలో ఇసినోఫిల్స్ గానీ చూశారా? పిల్లికూతలు లేకుండా, స్పైరోమెట్రీ నార్మల్‌గా ఉండి కూడా ఇసినోఫిల్స్ వల్ల దగ్గే రకం ఒకటుంది, 1989లో గుర్తించారు, పీల్చే స్టెరాయిడ్‌కి చక్కగా లొంగుతుంది, ఆస్తమా కాదని పొరపాటున వదిలేస్తారు. రక్తంలో ఇసినోఫిల్స్ 3,000 దాటి ఉంటే, మీది గోదావరి జిల్లా అన్నారు కాబట్టి, మదనపల్లి కథ గుర్తుచేయండి. బాల్కనీలో పావురాలు ఉన్నాయా, వంటింట్లో పొగ పోయే దారి ఉందా అనేది కూడా చెప్పండి, అడగకపోయినా చెప్పండి. దగ్గుతో రక్తం పడినా, బరువు తగ్గినా, గొంతు బొంగురుపోయి అలాగే ఉండిపోయినా ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే చూపించాలి.

వీటన్నిటికంటే ముందు ఈ రాత్రికే చేయాల్సింది ఒకటుంది. ఆవిడ బీపీ మాత్ర అట్ట తీసి వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి, కంపెనీ పెట్టిన పేరు కాదు, లోపలి మందు పేరు. అది "ప్రిల్" అని ముగిసిందంటే సొంతంగా ఆపేయకుండా, పొద్దున్నే రాసిన డాక్టరుకి ఫోన్ చేసి మార్చవచ్చా అని అడగండి. ఎన్నేళ్ళ నుంచి వాడుతున్నారో కూడా చూడండి, నాలుగేళ్ళు అని తేలితే నాకు ఓ మాట చెప్పండి.